అవతలి మనిషిని ఎంతవరకు నమ్మాలి? ఆన్‌లైన్ మోసాల నుంచి ఇంటిల్లిపాదినీ కాపాడుకునే మార్గదర్శి

మా బాబాయి ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పాలవాడి లెక్కలో కూడా పైసా తేడా రానివ్వని మనిషి. ఒకరోజు ఉదయం పదింటికి ఆయనకు ఫోన్ వచ్చింది. మీ ఆధార్‌తో ముంబైలో ఎవరో సిమ్ తీసుకుని నేరాలు చేస్తున్నారు, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది అన్నారు. తర్వాత లైను 'ముంబై పోలీసు'కి కలిపారు. యూనిఫాం వేసుకున్న మనిషి వీడియో కాల్‌లోకి వచ్చి గది తలుపు వేసుకోమన్నాడు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే బాబాయి తలుపు తియ్యలేదు. పిన్ని గట్టిగా బాదాక తీశారు. ఒళ్ళంతా చెమటలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తియ్యడానికి బ్యాంకుకు బయల్దేరబోతున్నారట. పిన్ని ఫోన్ లాక్కుని కట్ చేసింది కాబట్టి డబ్బు మిగిలింది.

ఆ తర్వాత నెలరోజుల పాటు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "ఇంత చదువుకుని ఎలా నమ్మాను రా" అని ఒక్కటే మాట. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మోసపోవడానికీ తెలివితేటలకీ సంబంధం లేదు. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ దేశంలో పేరున్న పారిశ్రామికవేత్త. 2024లో, 82 ఏళ్ళ వయసులో, ఇదే పద్ధతిలో 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. ఆయన కోసం మోసగాళ్ళు ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నడిపించారు, ప్రధాన న్యాయమూర్తి పేరుతో సహా. వెంటనే ఫిర్యాదు చేయడంతో అందులో పెద్ద మొత్తం వెనక్కి వచ్చింది. జరిగింది ఆయనే బయటికి వచ్చి చెప్పారు. అంతటి మనిషి సిగ్గుపడకుండా చెప్పగలిగినప్పుడు మనం దాచుకోవలసిన పనేముంది?

దేన్ని నమ్మకూడదో ముందు తెలుసుకోండి

మన ఊళ్ళో కిరాణా కొట్టువాణ్ణి ఎందుకు నమ్ముతాం? రేపు కూడా అతను అక్కడే ఉంటాడు. తూకంలో మోసం చేస్తే పది మందికీ తెలుస్తుంది. వాళ్ళ నాన్న మనకు తెలుసు. ఫోన్‌లో వచ్చినవాడికి ఇవేవీ లేవు. అయినా మన మనసు పాత అలవాటు కొద్దీ గొంతు, ముఖం, హోదా, మన గురించి అతనికి తెలిసిన వివరాలు చూసి నమ్మేస్తుంది. ఈ గుర్తులన్నీ ఇవాళ డబ్బిస్తే దొరుకుతాయి.

మీ పేరు, అడ్రసు, ఆధార్ చివరి నాలుగు అంకెలు చెప్పాడంటే బ్యాంకువాడే అనుకోకండి. ఆధార్ జిరాక్సులు సిమ్ షాపు నుంచి లాడ్జి కౌంటరు దాకా ఎన్ని చోట్ల ఇచ్చామో గుర్తు తెచ్చుకోండి. వాట్సాప్‌లో పోలీసు చిహ్నం ఉన్న ఫొటోను ఎవరైనా పెట్టుకోవచ్చు. రాజముద్ర ఉన్న ఉత్తరాన్ని పది నిమిషాల్లో తయారుచేయొచ్చు. ఫోన్ తెర మీద కనిపించే నంబరును కూడా మార్చి చూపించవచ్చు. ముఖమూ గొంతూ సంగతి సరేసరి. కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఏదో పెట్టుబడి పథకాన్ని మెచ్చుకుంటున్నట్టు తిరిగిన వీడియోలు కృత్రిమ మేధతో చేసిన నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగం ఒకటికి పదిసార్లు చెప్పవలసి వచ్చింది. మీ అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన చిన్న వీడియో చాలు, అతని గొంతును పోలిన గొంతు పుట్టించడానికి.

అందుకే 'ఇతను నిజమైనవాడేనా' అని ఫోన్‌లో తేల్చుకోవడానికి ప్రయత్నించకండి. అది మనవల్ల కాదు. వేసుకోవలసిన ప్రశ్న ఇది: *ఈ పని కోసం అతను నా దగ్గరికి వచ్చాడా, నేను అతని దగ్గరికి వెళ్ళానా?* తనంతట తాను వచ్చినవాడు డబ్బుగానీ, ఓటీపీగానీ, యాప్ వేసుకోవడంగానీ, రహస్యంగానీ అడిగితే అక్కడితో మాట ఆపేయండి. నిజంగా పని ఉంటే, మీకు ముందే తెలిసిన దారిలో మీరే వెళ్ళి కనుక్కోండి. బ్యాంకుకైతే కార్డు వెనక ముద్రించిన నంబరు, పాస్‌బుక్ ఇచ్చిన బ్రాంచి. మిగతా అంతా ఈ ఒక్క పద్ధతినే రకరకాల చోట్ల వాడుకోవడం.

ఒక ఆదివారం అందరూ కలిసి కూర్చోండి

ఫోన్ వచ్చాక ఆలోచించే సమయం ఉండదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఎంత మంచి సలహా అయినా గుర్తుకు రాదు. అందుకే ముందే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి.

మొదటిది, ఇంటికి ఒక రహస్య మాట పెట్టుకోండి. ఎవరికీ తెలియని, ఇంట్లో వాళ్ళెవరూ మర్చిపోని మాట. అమ్మమ్మ పెంచిన ఆవు పేరో, పాత ఇంటి వెనకున్న చెట్టు పేరో. "నాన్నా, యాక్సిడెంట్ అయింది, వెంటనే డబ్బు పంపు" అని అమెరికాలో ఉన్న కొడుకు గొంతుతో ఫోన్ వస్తే, ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే పెట్టేసి, కొడుకు పాత నంబరుకు మీరే చెయ్యాలి. ఎత్తకపోతే అతని రూమ్మేట్‌కో, కోడలికో. పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడి ఇద్దరు స్నేహితుల నంబర్లు ఈ పూటే రాసి పెట్టుకోండి. మన ఇళ్ళల్లో చాలామంది దగ్గర ఇవి ఉండవు.

రెండోది అన్నిటికన్నా ముఖ్యం. పెద్దవాళ్ళకు ఒక మాట ఇవ్వండి: "ఏ లింకు నొక్కినా, ఎంత పోయినా, మాకు చెబితే తిట్టం." ఈ మాట నోటితో చెప్పాలి, వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాలి. మోసగాడు ఆడుకునేది మన తిట్ల భయంతోనే. కొడుకు విసుక్కుంటాడని దాచిపెట్టిన తల్లులున్నారు, కోడలి ముందు పరువు పోతుందని గదిలో కూర్చున్న మామలున్నారు.

ఇక ఫోన్‌లో చేయవలసినవి:

- వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద 'టూ స్టెప్ వెరిఫికేషన్' ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. ఎవరైనా మీ కోడు దొంగిలించినా ఆ పిన్ లేకుండా లోపలికి రాలేరు. 'లింక్డ్ డివైజెస్'లో తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే తీసేయండి.
- కేంద్ర టెలికాం శాఖ నడిపే 'సంచార్ సాథీ' వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.
- బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితిని మీ అవసరానికి తగ్గించండి. ఫోన్‌పే, గూగుల్ పేలకు చిన్న మొత్తం ఉంచుకునే వేరే ఖాతా కలిపితే ఇంకా మంచిది. పెన్షన్ డబ్బూ డిపాజిట్లూ ఉన్న ఖాతాను యూపీఐకి కలపకండి.
- ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలకు నకళ్ళు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు మన తెలుగు రాష్ట్రాల్లోనే దొరికాయి. అయితే రేషన్‌కో పెన్షన్‌కో వేలిముద్ర వేయవలసినవాళ్ళు ఆ రోజు లాక్ తీసి, పని అయ్యాక మళ్ళీ వేసుకోవాలి. ఈ సంగతి చెప్పకుండా లాక్ చేసి వెళ్ళిపోతే అమ్మ రేషన్ షాపు దగ్గర ఇబ్బంది పడుతుంది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు

వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి గదిలో కూర్చోబెట్టడాన్ని 'డిజిటల్ అరెస్ట్' అంటున్నారు, మా బాబాయికి జరిగింది అదే. ఆ మోసం ఒక నాటకంలా నడుస్తుంది. ముందు ఒక చిన్న ఉద్యోగి మర్యాదగా మాట్లాడతాడు: మీ పేరుతో పంపిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ సిమ్ ఆగిపోతుందనో. అతను మిమ్మల్ని తిట్టడు, పైగా సాయం చేస్తున్నట్టుంటాడు. తర్వాత కఠినమైన అధికారి వస్తాడు. మనీ లాండరింగ్ కేసు, సీబీఐ, ఈడీ అంటాడు. చివరికి ఒక పెద్దమనిషి వచ్చి, మీ డబ్బును ఆర్‌బీఐ ఖాతాలో 'వెరిఫికేషన్' కోసం వేస్తే నిర్దోషులని తేలాక తిరిగి ఇస్తాం అంటాడు. భయపెట్టేదొకడు, ఓదార్చేదొకడు. మనిషి ఆ ఓదార్చేవాడి చెయ్యి పట్టుకుంటాడు.

మా బాబాయి కూడా అదే చెప్పారు. "గట్టిగా అరిచినవాణ్ణి చూసి కాదురా, నెమ్మదిగా మాట్లాడినవాణ్ణి నమ్మాను."

చట్టంలో ఏముందో గుర్తుంచుకుంటే భయం సగం పోతుంది. 'డిజిటల్ అరెస్ట్' అనేది మన చట్టంలో లేనే లేదు. వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయలేరు, కెమెరా ముందు కూర్చోబెట్టి నిఘా పెట్టలేరు. విచారణకు రమ్మని పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2024 అక్టోబరు 27న ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ మోసం గురించే హెచ్చరించారు. 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టి, దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. సాక్షాత్తూ తన పేరుతోనే నకిలీ ఉత్తర్వులు తిరుగుతుంటే కోర్టు ఊరుకోలేదు. ఏ ప్రభుత్వ సంస్థా, ఏ కోర్టూ 'డబ్బు పంపి నిర్దోషిత్వం నిరూపించుకో' అని అడగదు.

ఇక చేయవలసింది. ఫోన్ పెట్టేయండి. మర్యాదకు ఆగకండి, వివరణ ఇవ్వకండి, వాదించకండి, వాణ్ణి ఆటపట్టించాలని చూడకండి. మనవాళ్ళకు పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ పెట్టేయడం చేతకాదు. ఆ మర్యాదే వాడికి పెట్టుబడి. పెట్టేశాక ఫోన్ అక్కడే వదిలి గదిలోంచి బయటికి రండి. ఇంకో మనిషికి, పక్కింటావిడకైనా సరే, జరిగింది నోటితో చెప్పండి. 'ఎవరికీ చెప్పొద్దు' అన్నాడంటే అదే అసలు సాక్ష్యం, ఎందుకంటే రెండో మనిషి వింటే ఆ నాటకం నిలబడదు. ఇంకా అనుమానం ఉంటే మీ ఊరి పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్ళి అడగండి. తర్వాత ఆ నంబరును సంచార్ సాథీలో అనుమానపు ఫోన్ల మీద ఫిర్యాదుకు ఉన్న 'చక్షు' విభాగంలో నమోదు చేయండి.

బ్యాంకులో పనిచేసేవాళ్ళకు ఒక విన్నపం. పెద్ద వయసు మనిషి ఒంటరిగా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఉన్నట్టుండి డిపాజిట్ రద్దు చేయమంటే ఒక్క ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి అడగండి.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకూ ఇలాంటివే వస్తాయి, వేషం మాత్రం ఇమ్మిగ్రేషన్ అధికారిది. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమంటే అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు. అక్కడ ఫిర్యాదు ఎఫ్‌బీఐ వారి ఐసీ3 వెబ్‌సైట్‌లో చేయాలి.

లింకులు, ఏపీకే ఫైళ్ళు, పిన్ నంబర్లు

ఇక్కడ నియమాలు సూటిగా ఉంటాయి, బట్టీ పట్టినా తప్పులేదు.

డబ్బు *రావడానికి* యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే, బ్యాలెన్స్ చూసుకోవడం తప్ప, డబ్బు పోతున్నట్టే. పాత సోఫా కొంటానని, అడ్వాన్సు వేస్తానని క్యూఆర్ కోడ్ పంపినవాడు మీ దగ్గర్నుంచి లాగడానికే పంపాడు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలును, ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. 'శుభలేఖ', 'పీఎం కిసాన్', 'ట్రాఫిక్ చలాన్' అని పేరుంటుంది. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ఆ యాప్ వేసుకోగానే మీ మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఆ తర్వాత ఓటీపీలన్నీ వాడికే. పంపింది మీ బావమరిది నంబరే అయినా నమ్మకండి, అతని ఫోన్ ముందే వాళ్ళ చేతిలో పడి ఉండవచ్చు. పొరపాటున వేసుకుంటే నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

గ్యాస్ కంపెనీదో, కొరియర్‌దో కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి పైన కనిపించిందానికి చేయకండి. బిల్లు మీదో, ఆ సంస్థ సొంత యాప్‌లోనో ఉన్నదానికే చేయండి. బ్యాంకు వెబ్‌సైట్ అయితే ఇప్పుడు ఒక మంచి గుర్తు వచ్చింది: ఆర్‌బీఐ ఆదేశంతో మన బ్యాంకుల చిరునామాలు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసేలా మారాయి. వేరే తోకతో ఉంటే ఆగండి. ఎవరో చెప్పారని స్టార్ 21, స్టార్ 401 లాంటి నంబర్లు డయల్ చేయకండి, మీ కాల్స్ వాడికి మళ్ళిపోతాయి. స్క్రీన్ షేర్ చేయమంటే ఒప్పుకోకండి.

నెమ్మదిగా కట్టే నమ్మకం

ఇప్పటిదాకా చెప్పినవి గంటల్లో జరిగే మోసాలు. నెలల తరబడి నడిచేవి ఇంకో రకం, వీటిలో పోయే డబ్బు ఎక్కువ, పోయాక మిగిలే గాయమూ లోతుగా ఉంటుంది. టెలిగ్రామ్‌లో హోటళ్ళకు రేటింగ్ ఇస్తే డబ్బులు, వాట్సాప్ గ్రూపులో షేర్ల సలహాలు, పెళ్ళి సంబంధాల సైట్‌లో పరిచయమైన విదేశీ డాక్టరు. మొదట మీకే డబ్బు వస్తుంది. వెయ్యి పెడితే పదమూడు వందలు నిజంగానే ఖాతాలో పడతాయి. 'మోసమైతే వాడే ఎందుకిస్తాడు' అని మనసు సర్దుకుంటుంది. గాలానికి ఎర లేకుండా చేప పడదు కదా. గ్రూపులో లాభాలు వచ్చాయని గంతులేసే వంద మందిలో మీరొక్కరే అసలు మనిషి కావచ్చు. యాప్‌లో కనిపించే లక్షలు తెర మీద రాసిన అంకెలు. తీసుకోబోతే 'ముందు ట్యాక్స్ కట్టండి' అంటారు.

పరీక్షించే పద్ధతి ఒక్కటే. సలహా ఇచ్చే మనిషి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో నమోదయ్యాడా లేదా అన్నది వాడు పంపిన సర్టిఫికెట్‌లో చూడకండి, సెబీ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. డబ్బు వెళ్ళేది ఎవరి ఖాతాకో చూడండి: బ్రోకింగ్ కంపెనీ పేరు చెప్పి ఎవరో వ్యక్తి ఖాతాకో, ఊరూపేరూ లేని ట్రేడర్స్ ఖాతాకో వేయమంటే అక్కడితో ఆగిపోవాలి. నమోదైన బ్రోకర్ల యూపీఐ ఐడీల్లో 'వ్యాలిడ్' అన్న మాట ఉండేలా 2025 అక్టోబరు నుంచి సెబీ ఏర్పాటు చేసింది, అదీ చూసుకోవచ్చు.

పెళ్ళి సంబంధమైతే మనకు తాతల నాటి పద్ధతి ఉండనే ఉంది. ఊరు అడగండి, ఇంటిపేరు అడగండి, తెలిసినవాళ్ళచేత వాకబు చేయించండి. ముఖాముఖి కలవకముందు ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. ఆన్‌లైన్‌లో పరిచయమైందని ఆ వాకబు మానేస్తున్నాం.

ఈ మోసాల అవతలి కొసన కొన్నిసార్లు మన పిల్లలే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇలాంటి ఫోన్లు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఏజెంటు లక్ష తీసుకుని టూరిస్టు వీసా మీద పంపుతానంటే, అది ఉద్యోగం కాదు. అలాగే కాలేజీ పిల్లాడు నెలకు ఐదు వేలకు తన బ్యాంకు ఖాతాను ఎవరికో 'అద్దెకు' ఇస్తే, కేసులో ముందు దొరికేది వాడే. ఇంట్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే ఈ మాట చెప్పండి.

డబ్బు పోతే

తిట్లు, ఏడుపు తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు, నిమిషాల్లో ఐదారు ఖాతాలు మారి ఏటీఎంలోనో క్రిప్టోలోనో తేలుతుంది. 1930లో నమోదు కాగానే ఆ సమాచారం సంబంధిత బ్యాంకులకు వెళ్ళి, ఇంకా మిగిలి ఉన్న మొత్తాన్ని అక్కడే ఆపుతారు. అందుకే మొదటి గంట బంగారంతో సమానం. లైను కలవకపోతే మళ్ళీ మళ్ళీ చేయండి, ఇంకొకరిచేత 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు రాయించండి. చేతిలో ఉండవలసినవి: మీ ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, మొత్తం, లావాదేవీ నంబరు అంటే యూటీఆర్, అవతలి ఖాతా లేదా యూపీఐ ఐడీ. ఫోన్‌లో చెప్పాక ఒక ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వస్తుంది. దాంతో పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపితేనే ఫిర్యాదు పూర్తయినట్టు.

వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి, చెప్పినట్టు నంబరు తీసుకోండి. దీనికి ఒక కారణముంది. ఆర్‌బీఐ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోయి, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లోపు తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీదే, చెప్పాక కూడా పోతే అది బ్యాంకు బాధ్యత. కాబట్టి తప్పు మనదే అయినా ఫోన్ చేయడంలో ఆలస్యం వద్దు.

ఏదీ డిలీట్ చేయకండి. చాట్, కాల్ వివరాలు, ఆ నకిలీ ఉత్తరం, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. అవమానంతో చాలామంది చేసే మొదటి పని చాట్ తుడిచేయడం, అదే సాక్ష్యాన్ని పోగొడుతుంది. ఆపిన డబ్బు తిరిగి రావడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి తిరిగి ఇప్పించారు, మీ కేసు చూస్తున్న పోలీసు అధికారిని ఆ దారి గురించి అడగండి.

ఇంట్లోవాళ్ళు ఆ మనిషిని కొన్నాళ్ళు ఒంటరిగా వదలకండి. 'అంత ఆశ ఎందుకు', 'నీకు ఫోన్ ఎందుకు' అనే మాటలు రానివ్వకండి. నిద్ర పట్టకపోయినా, అన్నం తినకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. మా బాబాయి మామూలు మనిషి కావడానికి కారణం పిన్ని. ఆ రోజు సాయంత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇచ్చి, "నేనైతే అప్పుడే పంపేసేదాన్ని" అంది.

ఇంకొక్కటి. ఫిర్యాదు చేసిన కొన్ని వారాలకో నెలలకో మీకు ఒక ఫోన్ రావచ్చు. సైబర్ సెల్ నుంచి అనో, లాయర్ని అనో చెప్పి, మీ డబ్బు దొరికింది, ఫీజు కడితే విడుదల చేయిస్తాం అంటారు. మీకు ఎంత పోయిందో, ఏ తేదీన పోయిందో వాళ్ళకు కచ్చితంగా తెలిసి ఉంటుంది, ఎందుకంటే మోసపోయినవాళ్ళ జాబితాలు కూడా అమ్ముడవుతాయి. పైసా కట్టకండి. పెట్టేసి, మీ ఫిర్యాదు నంబరు పట్టుకుని స్టేషన్‌కు మీరే వెళ్ళి అడగండి, ఆ కొత్త నంబరును కూడా 1930లో చెప్పండి.